బంగాళాదుంపకు ఆకుమాడు తెగులు

చలికాలమున మబ్బు పట్టి, ఆకులపై తడి ఆరక రెండుమూడు దినములు గడచినచో బంగాళాదుంప చేలను దినదినము పరిశీలింపవలెను. 10 నుండి 20 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనమును, ఎడతెగని తేమయు ఆకుమాడు తెగులునకు మిక్కిలి అనుకూలములు. ఎండ కాచి ఆకులు ఆరినచో అది నెమ్మదించును.

రకమును చూచి ధైర్యపడరాదు. ఐర్లండులో బీదలు ముఖ్యముగా ‘లంపర్’ అను ఒక్క రకమునే నమ్ముకొనిరి. 1845లో తెగులు సోకినది. వెనువెంట వచ్చిన కరవులో సుమారు పదిలక్షలమంది మరణించిరి. మన దేశమున 1968లో విడుదలైన ‘కుఫ్రీ జ్యోతి’ మొదట తెగులును తట్టుకొన్నను, పిదప లోబడినది. తట్టుకొను రకమనిన మాటను మేము సగమే నమ్ముదుము.

ఒకరి గట్టున పారవేసిన కుళ్లుదుంపల కుప్పనుండి తెగులు బీజములు గాలిలో ఊరి చేలన్నిటికిని చేరగలవు. అట్టి కుప్పలను లోతుగా పూడ్పించు బాధ్యతను పంచాయతీ సభ్యులు వహింపవలెను. మాంకోజెబ్ మందును మచ్చలు కనబడకమునుపే చల్లింపవలెను.