జోకరు ముఖం, తోలుబొమ్మ వెలుగు

ఈసారి ఒక బొమ్మను ఎలా చదవాలో రాద్దామనుకున్నాను. అందుకు ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ రువో గీసిన జోకర్లను తీసుకున్నాను. నవ్వించేవాడి ముఖంలో దుఃఖాన్ని ఆయన ఎక్కడ పెట్టాడు? అది మన సీమవాళ్లకు ఎందుకంత దగ్గరగా అనిపిస్తుంది? ఈ రెండే నా ప్రశ్నలు.

ముందుగా ఒక మాట. ఎక్స్‌ప్రెషనిజం అంటే కంటికి కనిపించినట్టు కాకుండా మనసుకు తగిలినట్టు గీయడం. ముఖం ఆకుపచ్చగా ఉండొచ్చు, ముక్కు వంకర పోవచ్చు. కొలతలు తప్పినా పర్వాలేదు, బాధ మాత్రం తప్పకూడదు. రువో తనను ఏ గుంపుకూ గట్టిగా కట్టేసుకోలేదు గానీ, ఆయన బొమ్మల్ని ఎక్కువగా ఈ కోవలోనే చెప్తారు.

రువో చూసింది

రువో 1871లో పారిస్‌లో పుట్టాడు. 14 ఏళ్లకే, అంటే 1885లో, చర్చి కిటికీల రంగుటద్దాలు చేసే, బాగుచేసే పనిలో చేరాడు. అద్దం ముక్కల్ని కలిపే నల్లటి సీసపు గీత, ఆ గీతల మధ్య వెలిగే రంగు, ఈ రెండూ ఆయన చేతికి అక్కడే అలవాటయ్యాయి.

1905 ప్రాంతంలో రాసిన ఒక ఉత్తరంలో ఆయన ఒక దృశ్యం చెప్పాడు. ఊరూరా తిరిగే సర్కస్ బండి పక్కన ఒక ముసలి జోకరు కూర్చొని తన తళుకుల చొక్కాకు కుట్లు వేసుకుంటున్నాడు. ఆ తళుకుకీ, ఆ మనిషి బతుకుకీ మధ్య ఉన్న దూరం రువోను పట్టేసింది. ఆ జోకరు తానేననీ, మనమందరమూ అంతేననీ ఆయనకు అనిపించింది.

దుఃఖం ఎక్కడుంది?

ఆయన ‘మిజెరేరే’ అనే 58 నలుపు తెలుపు ముద్రాచిత్రాల వరుస 1948లో వెలువడింది. అందులో ఒక జోకరు బొమ్మ ఉంది. దాని పేరుకు అర్థం ‘ముఖానికి రంగు వేసుకోనివాడెవడు?’ అని. ఆ బొమ్మలో ఏడుపు సీనేమీ లేదు. బరువైన నల్ల గీతలు, అలసిన ముఖం, అంతే. మన సినిమాల్లో అయితే బాధ చూపించడానికి గ్లిజరిన్ కావాలి, వయొలిన్ కావాలి. ఇక్కడ గీత మందమే ఆ పని చేస్తుంది. ముఖం చుట్టూ ఉన్న నలుపు ఆ మనిషిని లోపల పెట్టి మూసేసినట్టుంటుంది. మనం చూసేది ఏడుపును కాదు, ఏడుపును ఆపుకోవడాన్ని.

మన దగ్గర

రువో రంగుల చిత్రాలు చూస్తే నాకు వెంటనే తోలుబొమ్మలే గుర్తొస్తాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ వాటిని చేస్తారు. మేకతోలును వెలుతురు దాటేంత పల్చగా చేసి, నల్ల గీతతో ఆకారం గీసి, రంగులు నింపుతారు. ఆటలో వెనక దీపం పెడతారు. రంగుటద్దం చేసే పని కూడా ఇదే కదా! కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీద కొట్టుకుంటుంటే జనం పడీపడీ నవ్వుతారు. తెర వెనక పాడేవాళ్ల ముఖం మాత్రం ఎవరికీ కనపడదు.

సరిగ్గా 1885లోనే కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబం ‘కీచకవధ’ నాటకం ఆడింది. సురభి నాటకాలు అలా మొదలయ్యాయి. వాళ్లు అంతకుముందు తోలుబొమ్మలాట వాళ్లే. తెర వెనక మనుషులు తెర ముందుకొచ్చారు. అప్పటిదాకా తోలుకు వేసిన రంగును సొంత ముఖానికి వేసుకోవాల్సి వచ్చింది. రువో ప్రశ్న పుట్టేది సరిగ్గా ఇక్కడే.

మా కోడుమూరులో ఒక జాతర రాత్రి నాటకం అయిపోయాక స్టేజీ వెనక్కి వెళ్లాను. హాస్యం వేషం కట్టినాయన కొబ్బరినూనె, పాత గుడ్డ పెట్టుకొని రంగు తుడుచుకుంటున్నాడు. సగం ముఖం తెల్లగా ఉంది, సగం ఆయనది. పక్కనున్నాయన వాన లేక బుడ్డల పంట పోయిన సంగతి మాట్లాడుతున్నాడు. ఈయన దానికి తలూపి, నన్ను మాత్రం ఒకటే అడిగాడు: “జనం బాగా నవ్వినారా నాయనా?” పంట ఆయనదేనని తర్వాత తెలిసింది. రువో గీసింది ఆ సగం తుడిచిన ముఖాన్నే అని నాకు అర్థమైంది.

ఎలా చూడాలి?

ఇలాంటి బొమ్మ ముందు కాసేపు ఆగండి. మొదట రంగుల్ని కాదు, గీత ఎక్కడ మందంగా ఉందో చూడండి. తర్వాత నోరూ కళ్లూ ఒకే మాట చెప్తున్నాయా లేదా చూడండి. చివరికి వెలుతురు ఎక్కడినుంచి వస్తోందో వెతకండి. రువో చిత్రాల్లో చాలాసార్లు అది బయటినుంచి పడదు, మనిషి లోపలినుంచి వచ్చినట్టుంటుంది. అందుకే ఆ జోకర్లను చూస్తే జాలి కన్నా గౌరవం ఎక్కువ కలుగుతుంది.

ఫిల్టర్ వేయకుండా మనం ఒక్క ఫొటో కూడా స్టేటస్‌లో పెట్టం కాబట్టి, ముఖానికి రంగు గురించి మనకు వేరే చెప్పక్కర్లేదు. ప్రతి హాస్టల్ గదిలోనూ అందర్నీ నవ్వించేవాడు ఒకడుంటాడు. ఈసారి వాడి జోకు అయిపోయి అందరూ లేచి వెళ్లిపోయాక, ఒక్క రెండు నిమిషాలు వాడి పక్కన కూర్చోండి.