నేను రాసింది ఎందుకు తీసేశారు?

ప్రశ్న: మాది తమిళనాడులోని ధర్మపురి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా ఊరి గురించి తాతగారు చెప్పిన విశేషాలు తెలుగు వికీపీడియాలో చేరిస్తే రెండు రోజుల్లో తీసేశారు. ఎవరైనా రాయొచ్చన్నారు కదా? ఇలాగైతే దాన్ని నమ్మడమెలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ బాధ అర్థమైందమ్మా. తీసేసినంత మాత్రాన మీ మాట అబద్ధమని కాదు, దానికి ఆధారం చూపలేదని. 2003 నుంచీ అక్కడ రాసేవాళ్లు, దిద్దేవాళ్లు జీతం లేకుండా పనిచేసే మనలాంటివాళ్లే. ఎవరి మాట నిజమో వాళ్లంతట వాళ్లు తేల్చలేరు. అందుకే అచ్చయిన పుస్తకమో, పత్రికో, గెజిటీరో సాక్ష్యంగా అడుగుతారు. దాని నమ్మకమంతా ఆ సాక్ష్యం మీదే నిలబడింది.

ముందు పేజీ పైనున్న ‘చరిత్ర’ నొక్కండి. మీరు రాసింది అక్కడ భద్రంగా ఉంటుంది. ఎవరు తీశారో, కారణం రాసి ఉంటే అదీ కనిపిస్తుంది. ఇంకొకటి, తెలంగాణలో గోదావరి ఒడ్డున నరసింహస్వామి క్షేత్రమైన ధర్మపురి కూడా ఉంది. పొరపాటున ఆ పేజీలో రాయలేదు కదా?

మీ జిల్లా 1965లో సేలం నుంచి విడిపడింది. 2004లో దాన్నుంచి కృష్ణగిరి వేరైంది. ఇలా ఆధారం సులువుగా దొరికేవాటితో మొదలుపెట్టండి. తమిళ పుస్తకాన్నైనా మూలంగా చూపొచ్చు. తాతగారి జ్ఞాపకాలు మాత్రం ముందు ఏదైనా పత్రికకు పంపండి. అవి పోకూడదు.

తీసేసినదాన్ని పదేపదే తిరిగి పెట్టకండి, మీ ఖాతాను ఆపేయొచ్చు. చర్చ పేజీలో అడగండి. వారంలో జవాబు రాకపోతే, అక్కడ రాసేవాళ్లంతా చర్చించుకునే ‘రచ్చబండ’ పేజీలో రాయండి. బతికున్న మనిషి గురించి తప్పుడు రాత కనిపిస్తే మాత్రం ఆగకుండా నేరుగా నిర్వాహకులకు చెప్పండి.