పాత కట్టడానికి కొత్త ఊపిరి

హోసూరు సమీపాన తొరపల్లిలో రాజాజీ 1878లో జన్మించారు. ఆ ఇల్లు నేడు స్మారక గృహంగా నిలిచి ఉంది. అయితే అన్ని పాత కట్టడాలనూ స్మారకాలుగా మార్చలేము. వాటిని కాపాడే మరొక మార్గానికి హైదరాబాదులోని ఫలక్‌నుమా మహలు నిదర్శనం.

నవాబు వికారుల్ ఉమ్రా 1884లో ఈ మహలుకు పునాది వేశారు. తరువాత అది నిజాం వశమైంది. కాలక్రమాన వాడకం లేక మూతపడి, పాడుబడసాగింది. తాజ్ సంస్థ యువరాణి ఎస్రా పర్యవేక్షణలో సుమారు పదేళ్లు మరమ్మతులు జరిపించి, 2010లో దానిని హోటలుగా తెరిచింది. 101 మంది కూర్చునే పాత భోజనపు బల్ల మళ్లీ విందులకు నోచుకుంది.

వాడకుండా వదిలేస్తే కట్టడం కూలుతుంది. లాభం కోసం రూపు మార్చేస్తే చరిత్ర చెరుగుతుంది. కనుక పాత రూపు చెడకుండా వాడుకోవడమే మేలు.