మాట అందని దీపాలు: స్మార్ట్ లైట్ల మధ్య సంబంధం తెగినప్పుడు పాటించవలసిన పరిశీలన క్రమం

నగరంలోని అనేక ఇళ్లలో ఇప్పుడు దీపాలను గోడమీది స్విచ్‌తోనే కాక ఫోను యాప్‌తోనూ, నోటిమాటతోనూ, మనిషి కదలికను పసిగట్టే సెన్సార్‌తోనూ వెలిగిస్తున్నారు. అద్దె ఇళ్లలో నివసించే కుటుంబాలకు స్మార్ట్ బల్బులు అనుకూలం. గోడలు పగలగొట్టకుండా అమర్చుకోవచ్చు; ఇల్లు మారేటప్పుడు విప్పి తీసుకుపోవచ్చు. అయితే నిన్నటివరకు వెలిగిన దీపం ఒక రాత్రి వెలగకపోతే, దానిని చిన్న అసౌకర్యంగా భావించరాదు. అర్ధరాత్రి స్నానాలగదికి వెళ్లే వృద్ధులు ఆ వెలుతురును నమ్ముకొనే అడుగు వేస్తారు.

ఇటువంటి సందర్భంలో చాలామంది బల్బు చెడిపోయిందని కొత్తది కొంటారు, లేదా పరికరాలన్నిటినీ రీసెట్ చేస్తారు. నిజానికి బల్బు బాగానే ఉండి, దానికి సందేశం చేరే దారి మాత్రమే తెగి ఉండవచ్చు. సందేశం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో క్రమంగా కనుగొనడం ఈ పాఠంలోని ముఖ్య విషయం.

సందేశం ప్రయాణించే దారి

వైఫై బల్బు నేరుగా ఇంటి రూటర్‌తో సంబంధం పెట్టుకొంటుంది. జిగ్బీ పద్ధతిలో పనిచేసే బల్బులు, సెన్సార్లు హబ్ అనే చిన్న పెట్టెతో సంబంధం పెట్టుకొంటాయి. ఆ హబ్ రూటర్‌కు అనుసంధానమై ఉంటుంది. తమ ఇంట్లోనిది ఏ పద్ధతో పరికరం అట్టపెట్టె మీద చూసి తెలుసుకోవచ్చు.

జిగ్బీలో ఒక విశేషం ఉంది. నిరంతరం కరెంటు అందే బల్బులు, ప్లగ్గులు సాధారణంగా తమ పని తాము చేసుకొంటూనే పక్క పరికరాల సందేశాలను కూడా ముందుకు చేరవేస్తాయి. దూరపు గదిలోని సెన్సార్ పంపిన సందేశం హాలులోని బల్బు మీదుగా హబ్‌కు చేరవచ్చు. బ్యాటరీతో నడిచే సెన్సార్లు, బటన్లు మాత్రం బ్యాటరీ ఆదా కోసం ఈ చేరవేత పని చేయవు. కాబట్టి గోడ స్విచ్ ఆపి ఒక బల్బుకు కరెంటు తీసివేస్తే, ఆరేది ఒక్క దీపమే అయినా, దాని మీదుగా సాగే దారి కూడా మూసుకుపోతుంది.

ఒక ఉదాహరణ

రెండు పడకగదుల ఇల్లు. ముందుగదిలో హబ్, హాలు మధ్యలో ఒక జిగ్బీ బల్బు, వెనుక నడవలో కదలిక సెన్సార్, స్నానాలగది ముందు మరొక బల్బు ఉన్నాయి. సాయంత్రం వేళ నడవలో ఎవరు నడిచినా దీపం వెలుగుతుంది. రాత్రి 11 గంటలు దాటిన తరువాత వెలగదు. సెన్సార్ బ్యాటరీ మార్చినా, బల్బు మార్చినా ఫలితం లేదు.

లోపం ఒకే వేళకు వస్తున్నదంటే, ఆ వేళకు ఇంట్లో ఏమి మారుతున్నదో చూడాలి. ఈ ఇంట్లో అందరికన్నా ఆలస్యంగా పడుకొనేవారు హాలు స్విచ్ ఆపుతారు. కరెంటు పొదుపు చేసే మంచి అలవాటే అది. కానీ నడవకూ హబ్‌కూ మధ్య వంతెనగా ఉన్నది ఆ హాలు బల్బే. దీనిని పగటిపూట నిర్ధారించుకోవచ్చు. హాలు స్విచ్ ఆపి నడవలో నడిస్తే దీపం వెలగదు. స్విచ్ వేసి, కొన్ని నిమిషాలు ఆగి నడిస్తే వెలుగుతుంది.

పరిష్కారం సులభం. హబ్‌కూ నడవకూ మధ్య, ఎప్పుడూ ఆపని సాకెట్‌లో ఒక జిగ్బీ స్మార్ట్ ప్లగ్ పెట్టాలి. పరికరాలు కొత్త దారి వెతుక్కోవడానికి కొంత వ్యవధి పడుతుంది. కొన్ని సెన్సార్లను మళ్లీ జతచేయవలసి రావచ్చు. ఆపైన హాలు దీపాన్ని నిశ్చింతగా ఆపుకోవచ్చు. నడవ దీపం స్విచ్ మీద, సాకెట్ స్విచ్ మీద “ఆపవద్దు” అని ఇంట్లోవారికీ పనివారికీ తెలిసిన భాషలలో చీటీ అంటించాలి. వృద్ధులున్న ఇంట్లో దీనికి తోడు ఏ యాప్ అవసరం లేని ఒక జీరో బల్బు నడవలో ఉండడం శ్రేయస్కరం.

పరిశీలన క్రమం

ఒక్కొక్క మెట్టులో ఒక్క మార్పే చేసి ఫలితం చూడాలి. ఒకేసారి మూడు మార్పులు చేస్తే, బాగుపడినా కారణం తెలియదు. లోపం మళ్లీ వస్తే మొదటికి రావలసి ఉంటుంది.

1. కరెంటు: గోడ స్విచ్ ఆపి వేసినప్పుడు బల్బు వెలుగుతున్నదా? చాలా స్మార్ట్ బల్బులు కరెంటు రాగానే వెలుగుతాయి. వెలగకపోతే, దానిని బాగా పనిచేస్తున్న మరొక హోల్డర్‌లో పెట్టి చూడాలి.

2. వేచి ఉండడం: కరెంటు పోయి వచ్చినప్పుడు బల్బుకన్నా రూటర్, హబ్ ఆలస్యంగా సిద్ధమవుతాయి. 5 నిమిషాలు ఆగకుండా దేనినీ ముట్టుకోరాదు. రూటర్‌ను, హబ్‌ను చిన్న యూపీఎస్ మీద ఉంచితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

3. యాప్: యాప్‌లో నొక్కితే బల్బు వెలుగుతున్నదా? వెలిగితే బల్బు దారి బాగుంది. లోపం సెన్సార్‌లోనో, వేళల నియమంలోనో ఉంది. సెన్సార్ బ్యాటరీని, నియమంలో రాసిన వేళలను చూడాలి.

4. ఇంటర్నెట్: నోటిమాటకు పలకక, బటన్‌కు పలికితే లోపం ఇంటి బయట, అంటే ఇంటర్నెట్ సంబంధంలో ఉండవచ్చు. బల్బులను మార్చవలసిన పని లేదు.

5. రూటర్: వైఫై బల్బులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలోనే చేరతాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చేరవు. అతిథుల కోసం పెట్టిన వైఫైలో చేర్చితే పరికరాలు ఒకదానికొకటి కనిపించకపోవచ్చు. రూటర్ మార్చినప్పుడు పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్, పాత భద్రతా పద్ధతి అలాగే ఉంచితే సాధారణంగా బల్బులన్నీ వాటంతటవే తిరిగి చేరతాయి.

6. రీసెట్: పై మెట్లన్నీ దాటిన తరువాతనే చేయాలి. రీసెట్ చేస్తే పరికరం తన జత సంబంధాన్ని మరచిపోతుంది. హబ్‌ను రీసెట్ చేస్తే ఇంటి నియమాలన్నీ మళ్లీ రాసుకోవలసి ఉంటుంది.

తరంగాల రద్దీ

2.4 గిగాహెర్ట్జ్ వైఫై, జిగ్బీ, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ దాదాపు ఒకే తరంగ శ్రేణిని వాడతాయి. అపార్టుమెంటులో పై ఇంటి రూటర్, పక్క ఇంటి రూటర్ కూడా ఈ రద్దీలో భాగమే. జిగ్బీకి ఈ శ్రేణిలో 11 నుంచి 26 వరకు 16 ఛానెళ్లు ఉన్నాయి. వైఫై సాధారణంగా 1, 6, 11 ఛానెళ్లలో నడుస్తుంది. రెండింటి అంకెలు ఒకటిగా కనిపించినా స్థానాలు వేరు. వైఫై ఛానెళ్ల నడుమ ఖాళీలో పడేవి జిగ్బీ 15, 20; వైఫై 11కు ఆవల ఉండేది 25. ఛానెల్ మార్చితే కొన్ని పరికరాలను మళ్లీ జతచేయవలసి రావచ్చు కనుక ముందుగా హబ్ స్థానం మార్చి చూడాలి. హబ్‌ను రూటర్‌కు కనీసం ఒక మీటరు ఎడంగా, ఇనుప బీరువాకు, ఫ్రిజ్‌కు దూరంగా, నేలకు ఎత్తుగా ఉంచాలి. కాంక్రీటు గోడలు, లోహపు స్విచ్ పెట్టెలు తరంగాలను బలహీనపరుస్తాయి.

విద్యుత్ భద్రత

బల్బు మార్చడం ఇంటివారు చేసుకోగల పని. స్విచ్ బోర్డు విప్పడం మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని. అద్దె ఇంట్లో యజమాని అనుమతి కూడా తీసుకోవాలి. అనేక స్మార్ట్ స్విచ్‌లకు న్యూట్రల్ తీగ అవసరం. ప్లగ్ సాకెట్ ఉన్న బోర్డులోకి న్యూట్రల్ వస్తుంది. స్విచ్ మాత్రమే ఉన్న బోర్డులో లేకపోవచ్చు. ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ అనే మాటలు తెలుగు, కన్నడ, తమిళ ఎలక్ట్రీషియన్లందరికీ పరిచయమే కనుక భాష రాలేదని అడగడానికి సంకోచించనక్కరలేదు. స్మార్ట్ బల్బును డిమ్మర్ ఉన్న స్విచ్‌కు కలపరాదు; మిణుకుమిణుకుమంటుంది, సంబంధం తరచుగా తెగుతుంది. బెంగళూరులో ఇల్లంతా కరెంటు హెచ్చుతగ్గులు కనిపిస్తే విద్యుత్ సంస్థ ఫిర్యాదు సంఖ్య 1912కు తెలపాలి.

విదేశాలలోని బంధువులు తెచ్చిన పరికరాల విషయంలో రెండు చూడాలి. అమెరికా ఇళ్లలో సరఫరా 120 వోల్టులు, ఇక్కడ 230 వోల్టులు. 120కే తయారైన పరికరాన్ని ఇక్కడ పెడితే కాలిపోవచ్చు. జెడ్‌వేవ్ అనే మరొక పద్ధతి భారతదేశంలో 865.2 మెగాహెర్ట్జ్‌లో, అమెరికాలో 908.4 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. అక్కడి సెన్సార్ ఇక్కడి హబ్‌తో ఎన్నిసార్లు ప్రయత్నించినా జతకాదు.

నిజంగానే చెడిపోయిన బల్బులను, సెన్సార్లను, బ్యాటరీలను తడి చెత్తలోగాని పొడి చెత్తలోగాని కలపరాదు. ఈ-వ్యర్థాలుగా వేరుచేసి సేకరణ కేంద్రానికి అప్పగించాలి.

అభ్యాసం

1. ఇంట్లోని స్మార్ట్ పరికరాల పేర్లు, అవి వాడే పద్ధతి, ఉన్న గది ఒక కాగితంపై రాసి మీటరు బోర్డు తలుపు లోపల అంటించండి.

2. హబ్ నుంచి స్నానాలగది వరకు సందేశం ఏ ఏ పరికరాల మీదుగా చేరగలదో గీసి చూడండి. వాటిలో గోడ స్విచ్‌తో ఆపేవాటిని గుర్తించండి.

3. ఈ రాత్రి ఇంటిల్లిపాదీ పడుకొనే ముందు స్విచ్‌లన్నీ రోజూ ఆపే విధంగానే ఆపి, నడవలో ఒకసారి నడవండి. దీపం వెలగకపోతే, పెద్దలు లేచే వేళకు ముందే జీరో బల్బు వేసి ఉంచి, మరునాడు మొదటి మెట్టు నుంచి పరిశీలన ప్రారంభించండి.