మాట పడిపోతే ఎక్కడ పడుతుంది?

ఈ సంచికకి “సీఎస్ఈ వాడివి కదా, టెక్నాలజీ మీద ఏదైనా రాయి” అన్నారు మన ఎడిటర్ అక్క. బ్రెయిన్ మీద రాస్తానన్నాను. “సరే, కానీ వికీపీడియాని తెలుగులోకి దించకు” అని షరతు పెట్టారు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం వాణ్ణి. ఒత్తులు తప్పితే మీరే సర్దుకోండి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. తాతయ్య ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. డ్యూటీ లేని రాత్రుళ్లు నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారట. నాకు తెలిసేసరికి వేషాలు మానేశారు గానీ, ఇంట్లో ఒక పాత హార్మోనియం ఉండేది, సాయంత్రాలు పద్యాలు ఉండేవి. నాకు అవి అర్థమయ్యేవి కావు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకునేవాణ్ణి.

కిందటి సంక్రాంతి సెలవుల్లో, కనుమ రోజు పొద్దున, తాతయ్య వరండాలో కాఫీ తాగుతున్నారు. గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది. నావైపు తిరిగి ఏదో అనబోయారు. మూతి ఒక పక్కకి పోయింది, మాట ముద్దగా వచ్చింది. నాటకాల మనిషి కదా, నన్ను నవ్వించడానికి చేస్తున్నారనుకున్నాను. నవ్వాను. ఫోన్ తీసి వీడియో కూడా మొదలుపెట్టాను. పదకొండు సెకన్ల ఆ వీడియో ఇంకా నా ఫోన్లోనే ఉంది. మళ్లీ చూడలేదు, డిలీటూ చెయ్యలేదు.

నాయనమ్మ బీపీ పడిపోయిందనుకుని ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు పట్టింది. పక్కింటాయన పావురం రక్తం రాస్తే పక్షవాతం పోతుందన్నారు. పెదనాన్న పొలం నుంచి వచ్చి, కారు మాట్లాడి, ముందు ఒక చిన్న ఆస్పత్రికి, అక్కణ్ణుంచి పెద్దదానికి తీసుకెళ్లేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: “సరిగ్గా ఎన్నింటికి మొదలైంది?” ఎవరికీ తెలీదు. నా ఫోన్లో ఉంది. 7:52.

ఆ టైము ఎందుకు అడిగారో తర్వాత చదివి తెలుసుకున్నాను. మన మెదడు ఒంటి బరువులో 2 శాతమే. కానీ మనం పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడేస్తుంది. రేపటికని దాచుకునే అలవాటు దానికి లేదు. రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే ఆ వెనక ఉన్న కణాలు నిమిషాల్లో చావడం మొదలవుతుంది. పెద్ద రక్తనాళం మూసుకుపోయి చికిత్స అందకపోతే నిమిషానికి సగటున 19 లక్షల న్యూరాన్లు పోతాయని ఒక లెక్క. మొత్తం ఉన్నవి సుమారు 8,600 కోట్లు కాబట్టి ఇది పెద్ద సంఖ్యలా అనిపించదు. ఏడు గంటలకి మీరే గుణించి చూడండి. నేను గుణించాను.

గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు కనపడిన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అది కూడా సీటీ స్కాన్ తీసి, లోపల రక్తస్రావం లేదని తేల్చుకున్నాకే. కొందరికి 24 గంటల వరకూ సన్నటి గొట్టం పంపి గడ్డని బయటికి లాగే వీలుంటుంది. అందుకని ఆలస్యమైపోయిందిలే అని ఇంట్లో కూర్చోకూడదు. ఎవరికైనా అనుమానంగా ఉంటే ఒకసారి నవ్వమనండి, రెండు చేతులూ పైకెత్తమనండి, ఒక చిన్న వాక్యం చెప్పమనండి. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి కిందికి జారినా, మాట తడబడినా టైము చూసుకుని 108కి ఫోన్ చెయ్యండి. నోట్లో నీళ్లు కూడా పొయ్యకండి, మింగడం రాక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

తాతయ్య బతికారు. కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. “మాట పడిపోయింది” అనే ఈ తెలుగు మాట నాకు అప్పటిదాకా తెలీదు. డాక్టర్లు దీన్ని అఫేసియా అంటారు. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా భాష పని ఎక్కువగా మెదడు ఎడమ వైపే జరుగుతుంది. కుడిచేతిని నడిపించేదీ ఆ వైపే. అందుకే రెండూ ఒకేసారి పోయాయి.

తాతయ్యకి మిగిలింది ఒక్క మాట, “రైట్.” ముప్పై ఏళ్లు బస్సులో అన్న మాట. ఆకలేసినా రైట్, నొప్పైనా రైట్, వద్దన్నా రైట్ రైట్.

ఇలాంటి మనిషి గురించి వైద్యశాస్త్రంలో చాలా పాత కథ ఉంది. 1861లో పారిస్ దగ్గర బిసెత్ర ఆస్పత్రిలో లెబోర్న్ అనే రోగిని పాల్ బ్రోకా అనే డాక్టర్ చూశాడు. ఏమడిగినా అతని జవాబు “టాన్.” సాధారణంగా రెండుసార్లు, “టాన్ టాన్.” అక్కడ అందరూ అతన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. కానీ ఎన్నేళ్లుగా ఇక్కడున్నావని బ్రోకా అడిగితే, అరచెయ్యి నాలుగుసార్లు తెరిచి, ఆపైన ఒక్క వేలు చూపించాడు. ఇరవై ఒకటి. సరైన లెక్కే. అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగేసరికి ఒళ్లుమండి ఒక తిట్టు తిట్టాడు. మామూలు మాట రాని నోట్లోంచి తిట్టు మాత్రం శుభ్రంగా వచ్చేసేది!

కొద్దిరోజులకే అతను చనిపోయాడు. మెదడు తెరిచి చూస్తే ఎడమవైపు ముందుభాగంలో దెబ్బతిని ఉంది. ఆ చోటుకి ఇప్పటికీ బ్రోకా ప్రాంతమనే పేరు. 1874లో కార్ల్ వెర్నికే దీనికి వేరే రకం చూపించాడు. అందులో మాటలు గడగడా వస్తాయి గానీ అర్థం పొసగదు, ఎదుటివాళ్లు చెప్పేదీ సరిగ్గా అర్థం కాదు. లెబోర్న్ మెదడుని పారిస్‌లో భద్రపరిచారు కాబట్టి 2007లో దానికి ఎమ్మారై ఫలితాలు కూడా వచ్చాయి. దెబ్బ బ్రోకా పైనుంచి చూసినదానికంటే చాలా లోతుకి, భాగాల్ని కలిపే తీగల్లాంటి పోగుల దాకా వెళ్లిందని తేలింది. అంటే మాట అనేది ఒక గదిలో పెట్టిన సామాను కాదు. మొదట్లో నేను హార్డ్‌డిస్క్ పాడైందని అనుకునేవాణ్ణి. తప్పు. ఫైల్ చాలావరకు లోపలే ఉంది, దాని దగ్గరికి దారే తెగింది. ఈ పోలిక కూడా కొంతదూరమే పనిచేస్తుందనుకోండి. కంప్యూటర్‌లో తెగిన వైరు పక్కనున్న వైరు పని తనే నేర్చుకోదు. మెదడులో కొంతైనా అలా జరుగుతుంది. ప్రాక్టీస్ చేయిస్తే మాట మెరుగయ్యేది అందుకే.

ఇదంతా నేను చదివేలోపే ఇంట్లో ఒక తప్పు జరిగిపోయింది. ఊళ్లో నాటకాల బృందం వాళ్లు హార్మోనియం అడిగారు. పెదనాన్న మంచం దగ్గరికెళ్లి “నాన్నా, ఇచ్చేద్దామా? ఇక వాయించేది ఎవరులే” అన్నారు. తాతయ్య “రైట్ రైట్ రైట్” అన్నారు. ఇచ్చేశారు. తాతయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. మెదడు పనిచెయ్యట్లేదు పాపం అని, ఆయన ముందే, ఆయనకి వినపడేలా అనుకున్నాం. అందరం. నేను కూడా.

మెదడు పనిచేస్తూనే ఉంది. స్పీచ్ థెరపిస్ట్ మేడమ్ వచ్చిన మొదటిరోజే పట్టుకున్నారు. నోటితో వద్దు, వేలితో చూపించండి అని ఒక అట్టమీద అవును, కాదు అని బొమ్మలు వేసి ఇచ్చారు. “మీ పెద్దబ్బాయికి ఇద్దరు కూతుళ్లా?” కాదు. “ఇది వేసవికాలమా?” కాదు. “హార్మోనియం ఇవ్వడం మీకు ఇష్టమేనా?” కాదు, కాదు, కాదు. అట్ట చిరిగేలా పొడిచారు. పెదనాన్న అప్పటికప్పుడు బండి తీసి వెళ్లి దాన్ని వెనక్కి తెచ్చారు.

మేడమ్ ఇంకో మాట అడిగారు, ఈయనకి పాటలొచ్చా అని. ఏ పద్యం మొదలుపెట్టాలో మాకెవరికీ తెలీదు, నాయనమ్మకి తప్ప. పాండవోద్యోగ విజయాల్లో పడక సీను పద్యం ఆవిడ సన్నగా ఎత్తుకుంది. రెండో పాదంలో తాతయ్య అందుకున్నారు. మాటలతో సహా! చివర రాగం తీశారు కూడా, ఊపిరి చాలక మధ్యలో ఆగింది. అది అయిపోగానే మంచినీళ్లు కావాలని అడగబోయి మళ్లీ “రైట్” అన్నారు.

ఇది అద్భుతం కాదు. 1745లోనే స్వీడన్‌లో ఒలోఫ్ డాలిన్ ఇలాంటి రోగి గురించి రాశాడు. మాట రాదు, చర్చి పాటలు మాత్రం పాడతాడు. దీని ఆధారంగా 1973లో బోస్టన్‌లో ఒక పద్ధతి తయారుచేశారు. చిన్న వాక్యాన్ని రాగంలా పలికిస్తూ ఎడమచేత్తో తాళం వేయిస్తారు. రాగానికి సాయపడేది మెదడు కుడివైపు అని మొదట అన్నారు. లయే అసలు కారణమనీ, కంఠస్థమైన మాటలు వేరే దారిలో వస్తాయనీ ఇంకొందరు అంటారు. వాదన ఇంకా తేలలేదు. తాతయ్య “నీళ్లు కావాలి” అనడానికి రెండు నెలలు పట్టింది, అది కూడా పద్యం ధోరణిలోనే. మా చెల్లి నవ్వింది. ఈసారి ఆయనా నవ్వారు.

మన హైదరాబాద్‌లోనూ దీనికి దగ్గరి పరిశోధన జరిగింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం స్ట్రోక్ వచ్చిన 608 మందిని చూసి 2016లో ప్రచురించింది. స్ట్రోక్ తర్వాత ఆలోచన, జ్ఞాపకం మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలు వచ్చినవాళ్లలో 40.5 శాతం, ఒకటే వచ్చినవాళ్లలో 19.6 శాతం. అఫేసియాలో మాత్రం రెండు గుంపులకీ తేడా కనపడలేదు. అంటే రెండో భాష మాటని కాపాడలేదు గానీ, మాట వెనకున్న మనిషికి ఏదో సాయం చేస్తున్నట్టుంది. రెండో భాష అంటే ఇంగ్లీషే కానక్కర్లేదు, తాతయ్యకి బస్సులో అబ్బిన ఉర్దూ కూడా లెక్కే.

మొన్న దసరా సెలవులకి వెళ్లినప్పుడు ఆ నాటకం పుస్తకం పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. నాకు సంధులు విడదియ్యడం రాదు, ఎక్కడ ఆపాలో తెలీదు. తప్పు చదివినప్పుడల్లా తాతయ్య ఎడమచేత్తో మంచం పట్టె మీద కొడతారు. మళ్లీ మొదటి నుంచి చదవమని. ఒక్క పద్యానికి ఆ రోజు తొమ్మిదిసార్లు కొట్టారు. పదోసారి చివరిదాకా పోనిచ్చి, “రైట్” అన్నారు.