అద్దె ఇంటి లెక్కలు: కొత్తగా కొనేవారికి ఒక పెద్దాయన లేఖ



సొంతానికి కొనుక్కునే ఇంటికి మనసుకు నచ్చడం ముఖ్యం. అద్దెకివ్వడానికి కొనే ఇంటికి మాత్రం నెలవారీ లెక్క, కాగితం, గోడ అనే మూడూ గట్టిగా నిలవాలి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా తర్వాత పెట్టే రంగులూ టైల్సూ దాన్ని కప్పిపుచ్చలేవు. హైదరాబాద్‌లో పాత అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొని, బాగుచేయించి అద్దెకివ్వాలనుకునే ఉద్యోగస్థుణ్ని ఉదాహరణగా తీసుకుంటే ఈ సంగతి బాగా అర్థమవుతుంది.

ముందు లెక్క. ఫ్లాట్ ధర 50 లక్షలు అనుకుందాం. తెలంగాణలో 2021లో సవరించిన రేట్ల ప్రకారం స్టాంపు డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం. అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 3.75 లక్షలు. మరమ్మతులకు 4 లక్షలు వేసుకుంటే మొత్తం 57.75 లక్షలు. నెలకు 18,000 అద్దె వస్తుందనుకున్నా, ఏడాదికి పన్నెండు నెలలు లెక్కేయకూడదు. ఒక నెల ఖాళీ పోతుందనుకుని పదకొండు నెలలకు 1,98,000 వేసుకోవాలి. ఆస్తి పన్నుకూ చిల్లర మరమ్మతులకూ 19,000 తీసేస్తే మిగిలేది 1,79,000. పెట్టిన డబ్బు మీద ఇది 3.1 శాతం మాత్రమే.

ఇక అప్పు. 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణానికి ఇంటి విలువలో 80 శాతం దాకా ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చు కలవదు. 40 లక్షలు 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు తీసుకుంటే నెల కిస్తీ దాదాపు 34,700. అద్దె పోను నెలనెలా 16,700 జీతంలోంచే పడాలి. చేతి నుంచి పెట్టాల్సింది 10 లక్షలు, రిజిస్ట్రేషన్, మరమ్మతులు కలిపి 17.75 లక్షలు. ఆరు నెలల కిస్తీలకు సరిపడా మరో 2.1 లక్షలు పక్కన ఉండాలి. ఉద్యోగం ఊగినా, ఇల్లు ఖాళీగా ఉన్నా కాపాడేది ఆ నిల్వే. అందుకే బేరం దగ్గర మొహమాటం పనికిరాదు. ధరలో 2 లక్షలు తగ్గితే అది పదకొండు నెలల అద్దెతో సమానం.

రెండోది కాగితం. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి కనీసం 30 ఏళ్ల ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయించి, అందులోని ప్రతి లావాదేవీకీ లింకు డాక్యుమెంటు ఉందో లేదో చూడాలి. స్థలం రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత జాబితాలో లేదని తేల్చుకోవాలి. వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే ఆడపిల్లలతో సహా వారసులందరి సంతకాలూ ఉండాలి. అమ్మేవారు జిరాక్సులు చూపించి, ఒరిజినల్స్ ఊళ్లో ఉన్నాయంటే అక్కడే ఆగిపోవాలి. అవి ఏ బ్యాంకు లాకర్‌లోనో తాకట్టుగా ఉండి ఉండవచ్చు, ఆ తాకట్టు ఈసీలో కనిపించకపోనూ వచ్చు.

పాత ఫ్లాట్‌లో గోడలకు వయసు మీదపడుతుంది. కాలంతో విలువ పెరిగేది దాని వాటాకు వచ్చే స్థలానికే. అందుకే డాక్యుమెంటులో అవిభాజ్యపు వాటా ఎన్ని గజాలో చూడటం తప్పనిసరి. అనుమతి పొందిన ప్లాన్‌లో ఫ్లాట్ ఉన్న అంతస్తు ఉందా, భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందా అన్నదీ అంతే ముఖ్యం. ఆ సర్టిఫికెట్ చూశాకే బ్యాంకులు రుణం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో చెప్పింది. ఈరోజు దాన్ని పట్టించుకోకుండా కొన్నవారికి రేపు అమ్మేటప్పుడు ఇబ్బంది తప్పదు. దగ్గర్లో చెరువు ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు తెలుసుకోవాలి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్ జోన్. 2020 అక్టోబరు వానల్లో చెరువుల కింది కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి మరువరానిది.

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారే 1 శాతం టీడీఎస్ మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. అమెరికాలోనో మరో దేశంలోనో ఉంటున్నవారి పేరు మీది ఫ్లాట్ కొంటే ఈ 1 శాతం సరిపోదు. ప్రవాసులకు మినహాయింపు రేటు చాలా ఎక్కువ. ఆడిటర్‌ను అడగకుండా డబ్బు చేతులు మారకూడదు. కరెంటు, నీళ్లు, ఆస్తి పన్ను, సొసైటీ మెయింటెనెన్స్ బకాయిలు లేవన్న రసీదులు రిజిస్ట్రేషన్‌కు ముందే తీసుకోవాలి.

మూడోది గోడ. ఇల్లు చూడాల్సింది పగటి వెలుగులో, వీలైతే వాన కురిసిన మర్నాడు. బాత్‌రూమ్‌కు అవతలివైపు పడకగది గోడ మీద, నేలకు జానెడు ఎత్తున బొటనవేలితో గట్టిగా నొక్కాలి. ప్లాస్టరింగ్ పొడిపొడిగా రాలినా, వేలికి చల్లగా చెమ్మ తగిలినా లోపల పైపు కారుతుండవచ్చు. రూపాయి బిళ్లతో టైల్స్ మీద తడితే డొల్లగా మోగేవి ఊడేవే. సీలింగ్ మీద గోధుమరంగు వలయాలు, గది అంతటా పాత రంగుండి ఒక్క మూలనే కొత్త రంగు, స్లాబ్ పెచ్చులూడి తుప్పుపట్టిన ఇనుము కనిపించడం, ఇవన్నీ హెచ్చరికలు. విశాఖపట్నంలాంటి సముద్రతీర నగరాల్లో ఉప్పుగాలికి ఇనుము ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. చివరగా వాచ్‌మన్‌తో ఐదు నిమిషాలు మాట్లాడాలి. మే నెలలో ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారో, మంజీరా నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మరమ్మతులకు ఒక వరస ఉంది. మొదట నీళ్లు, తర్వాత కరెంటు, ఆఖరున రంగులు. తుప్పుపట్టిన పాత జీఐ పైపులు తీసేసి సీపీవీసీ వేయించాలి. బాత్‌రూమ్ వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక టైల్స్ పరచకముందే రెండు రోజులు నీళ్లు కట్టి ఉంచి, కింది ఫ్లాట్ వారి సీలింగ్ చూడాలి. లైట్లకు 1.5, సాకెట్లకు 2.5, ఏసీకీ గీజరుకూ 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించాలి. ఎర్తింగ్ సరిచూసి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పెట్టించాలి. షాక్ కొట్టినప్పుడు అద్దెకున్నవారి ప్రాణం కాపాడేది అదే గనక ఈ ఖర్చులో పిసినారితనం తగదు. గోడ పూర్తిగా ఆరాకే పుట్టీ, రంగులు. తడి గోడకు వేసిన రంగు ఒక్క వానాకాలంలో పొక్కులు లేస్తుంది.

ఫాల్స్ సీలింగ్, ఖరీదైన అల్మారాల వల్ల అద్దె అంతగా పెరగదు. గ్రానైట్ వంటగట్టు, ఎగ్జాస్ట్ ఫ్యాను, జారని బాత్‌రూమ్ టైల్స్, కిటికీలకు దోమల జాలీలు, సామాను పెట్టుకోవడానికి అటక, వాషింగ్ మెషిన్‌కు కుళాయి, దేవుడి గూడు, ఇవే కుటుంబాలు అడిగేవి. మేస్త్రీతో కూలి, మెటీరియల్ విడివిడిగా రాసుకుని, పని జరిగినకొద్దీ డబ్బివ్వాలి. పదో వంతు చివరి దాకా ఆపి ఉంచాలి.

అద్దెకిచ్చేటప్పుడు నోటిమాట చాలదు. పదకొండు నెలల అగ్రిమెంట్లు వాడుకలో ఉన్నాయి. అగ్రిమెంట్‌లో అద్దె, ఏటా పెంపు, అడ్వాన్స్, ఖాళీ చేసే ముందు ఎన్ని నెలల నోటీసు, ఏ మరమ్మతు ఎవరిదన్నవి స్పష్టంగా ఉండాలి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్స్‌ను రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. దాన్నే పద్ధతిగా పెట్టుకోవడం మర్యాద. తాళంచెవులు ఇచ్చే రోజున గదుల ఫోటోలు, మీటరు రీడింగ్ ఇద్దరి దగ్గరా ఉంటే తర్వాత గొడవ రాదు. అద్దె 1,000 పెంచితే ఏడాదికి వచ్చేది 12,000. ఆ పెంపు భరించలేక మంచి కుటుంబం ఖాళీచేసి ఒక్క నెల టులెట్ బోర్డు వేలాడితే పోయేది 18,000. కుళాయి కారుతోందని ఫోనొస్తే ఆ రోజే ప్లంబర్‌ను పంపే యజమాని ఇల్లు ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు.

అద్దె ఆదాయంలోంచి యజమాని కట్టిన ఆస్తి పన్ను తీసేశాక, మిగిలినదానిలో 30 శాతం మరమ్మతుల కింద ఆదాయపు పన్ను చట్టమే మినహాయిస్తుంది. నిజంగా ఎంత ఖర్చయిందన్నదానితో దీనికి సంబంధం లేదు. ఇంటి అప్పు వడ్డీ కూడా తీసేసుకోవచ్చు. అయితే కొత్త పన్ను విధానంలో ఇంటి మీది నష్టాన్ని జీతంలో సర్దుకునే వీలు లేదు. కిస్తీ లెక్క వేసేటప్పుడే ఇది గుర్తుండాలి.

అద్దె ఇంటి రాబడి నెమ్మదైనది. ఓపికగా లెక్క చూసుకున్నవారికి అది వృద్ధాప్యంలో తోడుంటుంది. తొందరపడినవారికి అదే నెలనెలా భారమవుతుంది. ఒరిజినల్స్ కళ్లారా చూడకుండా, బాత్‌రూమ్ అవతలి గోడ మీద చెయ్యి పెట్టి చూడకుండా ఎంత మంచి ఇంటికైనా బయానా ఇవ్వకూడదు.

శుభాశీస్సులతో,
పెదనాన్న