పదవీ విరమణ: మొదటి సంవత్సరం

పదవీ విరమణతో రెండు అమానతులు మన చేతికి వస్తాయి. ఒకటి తీరిక, రెండోది ఒకేసారి వచ్చే సొమ్ము. ఆరోగ్యం, తీరిక అనే అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అందుకే మొదటి ఏడాదికే లక్ష్యాలు నిర్ణయించుకుందాం.

మొదటిది, అప్పులు. గ్రాట్యుటీ రాగానే పెళ్ళి ఆర్భాటాలకు ఖర్చుపెట్టి, అప్పిచ్చినవారిని వాయిదాలతో తిప్పడం మనలో కనిపిస్తూనే ఉంది. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. ముప్పై ఏళ్ళు గడిచినా అది మాఫీ కాదు. ముందు ఈ హక్కులు తీర్చుదాం.

రెండవది, హజ్. స్తోమత ఉంటే, కాళ్ళలో సత్తువ ఉండగానే సంకల్పం చేసుకుందాం.

మూడవది, జకాత్. నిసాబ్‌కు చేరిన సొమ్ముపై చాంద్రమాన సంవత్సరం గడిస్తే 2.5 శాతం చెల్లించాలి. ఆ తేదీ ఇప్పుడే రాసిపెట్టుకుందాం.

నాలుగవది, ఖుర్‌ఆన్. నెలకు మూడు పారాల చొప్పున అర్థంతో చదివితే 30 పారాలు పది నెలల్లో పూర్తవుతాయి.

ఐదవది, ఇల్లు. ఆఫీసు అధికారం ఇంట్లో చెలాయించవద్దు. దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో భార్యలకు సాయపడేవారు. మనమూ ఆ సున్నత్‌ను పాటిద్దాం.

మిగిలిన ఆయుష్షును సద్వినియోగం చేసుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.